ఉద్యోగం పోయేలా ఉందని ఉన్న డబ్బంతా హోమ్ లోన్‌కి కట్టేయకండి

ప్రశ్న: అమ్మా, మాది నిజాంపేట. మా వారికి 38 ఏళ్లు, ఐటీలో 13 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్, ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 9 నెలలు అయింది. రెండు నెలల నుంచి బెంచ్ మీద (ప్రాజెక్ట్ లేకుండా) ఉన్నారు, మొన్న మేనేజర్ పిలిచి బయట కూడా చూసుకోమన్నాడట. ఆయన చేతికొచ్చే జీతం 1,42,000, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, నాకు 34 వేలు. హోమ్ లోన్ ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో ఉంది, ఇంకా 60 లక్షలు, 18 ఏళ్లు, వడ్డీ 8.5, ఈఎంఐ 54,300. కారు ఈఎంఐ 14,500, ఇంకో రెండున్నరేళ్లు ఉంది. 10 లక్షల చీటీ, 50 నెలలది, 22 కట్టాం, ఇంకా ఎత్తలేదు, డివిడెండ్ పోను నెలకి 17 వేలు దాకా పడుతోంది. ఇద్దరు పిల్లల ఫీజులు ఏడాదికి 2,10,000. తెనాలిలో అత్తయ్యగారికి మామయ్యగారికి నెలనెలా 12 వేలు పంపుతాం. ఇంటి ఖర్చు 38 వేలు. ఇవికాక సిప్ 10 వేలు, పాప పేరున సుకన్య 5 వేలు. ఎఫ్‌డీ, ఫండ్స్ అన్నీ కలిపితే 8 లక్షలు ఉన్నాయి. ఆ 8 లక్షలు ఇప్పుడే హోమ్ లోన్‌కి కట్టేస్తే భారం తగ్గుద్ది అని మా అన్నయ్య అంటున్నాడు. మా వారేమో ఫ్రెండ్‌తో కలిసి టీ ఫ్రాంచైజీ పెడదామంటున్నారు, 6 లక్షలు అవుతుందట. రెండు నెలలు ఈఎంఐ కట్టకపోతే ఇల్లు లాగేసుకుంటారా? ఈ విషయం అత్తయ్యగారికి చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: ముందు అన్నయ్యగారి సలహా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ఒక్కటీ చేస్తే మాత్రం వెనక్కి తీసుకోలేరు. మిగతావి తప్పయినా సర్దుకోవచ్చు. నేను చాలా ఏళ్లు బ్యాంకులో లోన్ల దగ్గరే పనిచేశా, ఉద్యోగం పోతుందని భయపడి ఉన్నదంతా తెచ్చి లోన్‌కి కట్టి, మూడు నెలలకి మళ్లీ పర్సనల్ లోన్ కావాలని అదే కౌంటర్‌కి వచ్చినవాళ్లని చూశా. అప్పటికి పేస్లిప్ ఉండదు, ఎవరూ ఇవ్వరు. కట్టిన డబ్బు మాత్రం ఇంటి గోడల్లో ఉంటది, దాంతో పాలవాడికి కట్టలేం కదా.

మీ లెక్కే వేసి చూద్దాం. 60 లక్షల్లో 8 లక్షలు కట్టేస్తే 52 లక్షలు మిగులుద్ది, అదే 18 ఏళ్లకి అదే వడ్డీకి ఈఎంఐ దాదాపు 47,100. అంటే 8 లక్షలు పోస్తే నెలకి తగ్గేది 7,200. అది కూడా మీరు ప్రత్యేకంగా ఈఎంఐ తగ్గించమని రాసిస్తేనే, చాలా చోట్ల అడక్కపోతే ఈఎంఐ అలాగే ఉంచి ఏళ్లు తగ్గిస్తారు, అప్పుడు మీ నెల బడ్జెట్‌లో రూపాయి కూడా తేడా రాదు. ఉద్యోగం ఉన్న మనిషికి ఏళ్లు తగ్గడం మంచిదే, వడ్డీ చాలా మిగులుద్ది, కాదనను. కానీ మీకు ఈ ఏడాది ఎట్లా గడుస్తుందనేది ప్రశ్న, పద్దెనిమిదో ఏడాది సంగతి తర్వాత.

ఇప్పుడు ఇంకో లెక్క. ఆయన జీతం ఆగిపోయిందనుకోండి, ఈఎంఐ 54,300, కారు 14,500, ఫీజులు నెలకి పంచుకుంటే 17,500, చీటీ 17 వేలు, తెనాలికి 12 వేలు, ఇంట్లో 38 వేలు, మొత్తం 1,53,300. సిప్, సుకన్య ఇందులో కలపలేదు. మీ 34 వేలు తీసేస్తే నెలకి 1,19,000 పైచిలుకు లోటు. 8 లక్షలు చేతిలో ఉంటే ఆరున్నర నెలలు వస్తాయి. హోమ్ లోన్‌కి కట్టేసి ఉంటే మొదటి నెలే 1,12,000 కోసం ఎవరినో అడగాలి. ఇప్పుడున్న ఐటీ మార్కెట్లో 13 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్న మనిషికి అదే జీతంతో నెలలో ఉద్యోగం దొరుకుద్ది అనుకుని ప్లాన్ చేసుకోలేం. 2025 జూలైలో టీసీఎస్ లాంటి కంపెనీయే తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తానని చెప్పింది, అందులో ఎక్కువ మంది మిడిల్, సీనియర్ లెవల్ వాళ్లే. మీ వారిలో ఏదో లోపం ఉండి ఇలా జరుగుతోందని ఆయన అనుకుంటుంటే ఈ మాట ఆయనకి చెప్పండి.

సరే మరి ఈఎంఐ తగ్గే దారి లేదా అంటే ఉంది, అదీ డబ్బు కట్టకుండా. రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని (అది బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని) 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబర్ దాకా నాలుగు సార్లు తగ్గించింది, 6.50 నుంచి 5.25కి వచ్చింది. బ్యాంకుల్లో రెపోకి ముడిపెట్టిన లోన్లకి అది దానంతటదే తగ్గింది, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు మాత్రం తమ సొంత రేటు మీద నడుస్తాయి, అడిగినవాళ్లకి తగ్గిస్తాయి, అడగనివాళ్లు పాత రేటే కడుతూ ఉంటారు. మీకింకా 8.5 ఉందంటే మీరు అడగలేదన్నమాట. వెళ్లి రేట్ కన్వర్షన్ (పాత రేటుని ఇప్పటి రేటుకి మార్చడం) కావాలనండి, ఏదో ఫీజు తీసుకుంటారు, ఎంతో కనుక్కుని కట్టండి, అదే కంపెనీలో కాబట్టి మళ్లీ లోన్ అప్లై చేసినంత తతంగం ఉండదు. దాంతోపాటే ఏళ్లు పెంచమని అడగండి. ఆయనకి 38 కాబట్టి 60 వచ్చేదాకా అంటే 18ని 22 చేయొచ్చు. రేటు 7.75కి దిగి, 22 ఏళ్లు ఇచ్చారనుకోండి, ఈఎంఐ 47,400 అవుద్ది. చూశారా, మీ అన్నయ్యగారు 8 లక్షలు పోసి తెద్దామన్న తగ్గింపు దాదాపు అంతే, 8 లక్షలు మీ దగ్గరే ఉంటాయి. రేటు తగ్గించకుండా ఏళ్లు మాత్రమే పెంచినా 50,300కి వస్తది. చివర్లో వడ్డీ ఎక్కువ కడతాం కదా అంటారు, కడతాం, కానీ ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌తో మారే వడ్డీ) హోమ్ లోన్‌కి ముందుగా కట్టినందుకు పెనాల్టీ లేదు, మంచి రోజులు వచ్చాక ఎంత కావాలంటే అంత కట్టి మళ్లీ ఏళ్లు తగ్గించుకోండి.

ఇది జీతం పడుతున్నప్పుడే చెయ్యాలి. ఈఎంఐ బౌన్స్ అయ్యాక వెళ్లి అడిగితే అదే పనికి రీస్ట్రక్చరింగ్ అని పేరు పెడతారు, అది సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, పడుద్ది. వేరే బ్యాంకుకి లోన్ మార్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడు వద్దు, అది నెలల పని, మధ్యలో ఉద్యోగం ఉందా అని ఫోన్ చేసి కనుక్కుంటారు, అప్పుడు అబద్ధం చెప్పే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఇల్లు లాక్కోవడం గురించి. రెండు నెలలకి ఎవరూ రారు. 90 రోజులు దాటి బాకీ పడితే అకౌంట్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుద్ది, ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద నోటీసు ఇస్తారు, దానికి 60 రోజుల గడువు ఉంటది, ఆ తర్వాతే స్వాధీనం, వేలం అనే మాటలు వస్తాయి. అలాగని మూడు నెలల దాకా తీరుబడిగా ఉండొచ్చని కాదు, మొదటి బౌన్స్‌తోనే చార్జీలు, ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడ మీకొక చిన్న చిక్కు ఉంది, మీరు గమనించారో లేదో. ప్రైవేట్ స్కూళ్లలో జీతం ఏడో తారీకో పదో తారీకో పడుద్ది, ఈఎంఐ చాలామందికి ఐదో తారీకున కట్ అవుద్ది. ఇన్నాళ్లూ ఒకటో తారీకుకల్లా మీ వారి జీతం ఉండేది కాబట్టి తెలియలేదు. ఆ అకౌంట్లో ఒక నెల ఈఎంఐ ఎప్పుడూ కదపకుండా ఉంచండి, లేదా ఈఎంఐ తేదీ మార్చమని అడగండి. మీ స్కూల్లో మే నెల జీతం ఇస్తారా లేదా అనేది కూడా లెక్కలో పెట్టుకోండి, చాలా స్కూళ్లు సెలవులకి ఇవ్వవు, మీకు తెలుసు కదా.

చీటీ గురించి చెప్తా, ఇది కూడా పేస్లిప్ ఉండగానే చెయ్యాల్సిన పని. రిజిస్టర్డ్ కంపెనీలో చీటీ పాడుకున్నా షూరిటీలు లేకుండా డబ్బు ఇవ్వరు, ఉద్యోగస్తుల సంతకాలు, శాలరీ సర్టిఫికెట్ అడుగుతారు. మీ వారి ఉద్యోగం పోయాక ఆ సర్టిఫికెట్ ఎక్కడి నుంచి వస్తది. అందుకని వచ్చే రెండు మూడు పాటలు చూడండి, పాట (అంటే పాడినవాళ్లు వదులుకునే సొమ్ము) లక్షన్నర రెండు లక్షల మధ్య పోతుంటే పాడేసుకోండి, చేతికి 8 లక్షలు అటూ ఇటూగా వస్తాయి. అంతకంటే పైకి ఎగబడుతుంటే ఒక నెల ఆగండి, కంగారులో పాడితే నష్టం మీదే. వచ్చిన డబ్బులోంచి ఏడాది చీటీ కట్టడానికి సరిపడా, సుమారు 2 లక్షల 40 వేలు, విడిగా ఎఫ్‌డీ వేసేయండి (పాడాక కొన్ని చోట్ల డివిడెండ్ ఇవ్వరు, నెలకి పూర్తిగా 20 వేలు కట్టాల్సి వస్తది, అందుకే 20 చొప్పున లెక్కేశా). షూరిటీ పెట్టేవాళ్లకి మాత్రం ఉన్న విషయం చెప్పి పెట్టించుకోండి, మీ అన్నయ్యగారైనా సరే. ఆయన వద్దంటే వద్దు. చెప్పకుండా సంతకం పెట్టించుకుని రేపు ఆయన జీతం మీదకి తెస్తే ఆ బంధుత్వం ఏ చీటీతోనూ తిరిగి రాదు.

ఇక హెచ్ఆర్ వాళ్లు పిలిచే రోజు. ఆ రోజు మీరు పక్కన ఉండరు కాబట్టి ముందే మాట్లాడుకోండి. మామూలుగా జరిగేది ఏంటంటే ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లో రిజైన్ లెటర్ ఇప్పుడే పెట్టేయ్, లేకపోతే టెర్మినేషన్ అని రాస్తాం, రేపు ఇంకో కంపెనీలో ఇబ్బంది అవుద్ది అంటారు. ఆయన చెప్పాల్సింది ఒకే మాట, అన్నీ మెయిల్‌లో పంపండి, ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెప్తా. ఆ మెయిల్‌లో ఏం ఉండాలంటే, నోటీసు పీరియడ్ ఎన్ని నెలలు, ఆ జీతం ఇస్తారా, దాని మీద ఇంకేమైనా ఇస్తారా, మిగిలిన సెలవులకి డబ్బు ఎంత, రిలీవింగ్ లెటర్ ఎప్పుడు, హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా, లాస్ట్ వర్కింగ్ డే ఏది.

ఆ ఆఖరిది, లాస్ట్ వర్కింగ్ డే, మీ కేసులో అన్నింటికంటే ముఖ్యం. గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే సొమ్ము) రావాలంటే ఐదేళ్ల సర్వీసు ఉండాలి, మీ వారికి 4 ఏళ్ల 9 నెలలు. మూడు నెలల నోటీసు పూర్తిగా సర్వ్ చేస్తే ఐదేళ్లు దాటిపోద్ది, రేపటి నుంచే రావద్దు జీతం ఇచ్చేస్తాం అంటే దాటదు. ఐదో ఏడాదిలో 240 రోజులు దాటినా ఐదేళ్ల కింద లెక్కే అని మద్రాసు హైకోర్టు చెప్పింది, దాన్ని ఒప్పుకునే కంపెనీలూ ఉన్నాయి, వాదించేవీ ఉన్నాయి, కాబట్టి వాదన అవసరం లేకుండా లాస్ట్ వర్కింగ్ డేని ఐదేళ్ల అవతలకి రాయించుకోవడం మేలు. బేసిక్ 60 వేలు అనుకుంటే, దాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున ఐదేళ్లకి 1,73,000 వస్తది. ఒక్క తేదీ మీద లక్షా డెబ్బై వేలు ఉన్నాయని ఆయనకి తెలిసి ఉంటే ఆ గదిలో తొందరపడరు.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయం ఈ నెలలోనే తేల్చండి, రేపు చూద్దాం అనుకోవద్దు. ఆఫీసు పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోద్ది. బయట సొంత పాలసీ కొత్తగా తీసుకుంటే మొదటి 30 రోజులు యాక్సిడెంట్‌కి తప్ప జబ్బులకి క్లెయిమ్ ఇవ్వరు, ముందే ఉన్న షుగర్ బీపీ లాంటివాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకే ఆఫీసు పాలసీ బతికుండగానే మీ నలుగురికీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) తీసుకుంటే ఆ 30 రోజులు ఆఫీసు పాలసీ నీడలో గడిచిపోతాయి. పెద్దవాళ్లని ఆఫీసు పాలసీలో పెట్టి ఉంటే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలు ఉంటది, వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది, హెచ్ఆర్‌ని కాదు, నేరుగా ఆ కంపెనీని అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ ఉంటే అది ఏ పరిస్థితుల్లోనూ ఆపకండి, లేకపోతే మాత్రం ఇప్పుడు జీతం ఉండగానే తీసుకోండి, దానికీ ఆదాయం చూపించాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా. సిప్ ఆపేయండి, ఆపినందుకు ఫండ్ వాళ్లు ఏమీ అనరు, బ్యాలెన్స్ లేక బౌన్స్ అయితేనే బ్యాంకు చార్జీ వేస్తది. సుకన్య అకౌంట్ బతికుండాలంటే ఏడాదికి 250 కడితే చాలు, కాబట్టి ఆ 5 వేలు కూడా ఆపండి, పాపకి అన్యాయం చేస్తున్నామని బాధపడకండి, మళ్లీ కట్టొచ్చు. కారు లోన్ తీర్చే పని పెట్టుకోకండి, దానికి సుమారు 4 లక్షలు పోద్ది, నెలకి మిగిలేది 14,500. మూడు నెలలైనా ఉద్యోగం రాకపోతే కారే అమ్మేయండి, బ్యాంకు నుంచి ఎన్ఓసీ (బాకీ లేదనే కాగితం), ఫారం 35 తీసుకుని ఆర్సీ మీద హైపోథికేషన్ (కారు బ్యాంకు తాకట్టులో ఉందనే మాట) తీయించడానికి టైం పడుద్ది కాబట్టి లోన్ క్లోజ్ చేయడానికి ఎంత కట్టాలో స్టేట్‌మెంట్ ఇప్పుడే తెప్పించుకోండి. స్కూల్ ఫీజు టర్మ్‌ల వారీగానే కట్టండి, డిస్కౌంట్ ఇస్తామని ఏడాదిది ఒకేసారి అడిగితే ఈసారికి వద్దనండి. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కట్టి మిగతాది తోసుకుంటూ పోతే నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ, అది ఏడాదికి 40 శాతం దాటుద్ది. ఫోన్లో ఐదు నిమిషాల్లో లోన్ అనే యాప్‌ల జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి, కాంటాక్ట్ లిస్టులో ఉన్న మీ స్టూడెంట్స్ తల్లిదండ్రులకి ఫోన్లు వెళ్లాక చేసేది ఏమీ ఉండదు.

డబ్బు తీసే వరస కూడా చెప్తా. ముందు ఎఫ్‌డీలు, తర్వాత చీటీ డబ్బు, ఆ తర్వాత బంగారం మీద బ్యాంకులో లోన్, అమ్మడం వద్దు. పీఎఫ్ అన్నింటికంటే చివర. ఉద్యోగం పోయాక 75 శాతం దాకా తీసుకోవచ్చు, మిగతా 25 శాతానికి ఇంతకుముందు రెండు నెలలు ఆగితే చాలు, 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్ఓ బోర్డు దాన్ని 12 నెలలు చేయాలని నిర్ణయించింది. తీయకపోయినా పాత కంపెనీల పీఎఫ్‌లన్నీ ఒకే యూఏఎన్ (పీఎఫ్ నంబర్) కిందకి ట్రాన్స్‌ఫర్ అయ్యాయో లేదో ఇప్పుడే చూడమనండి, అలా కలిస్తే సర్వీసు ఐదేళ్లు దాటినట్టు లెక్క, తీసుకున్నా టాక్స్ పడదు. టాక్స్ అంటే గుర్తొచ్చింది, ఉద్యోగం ఏడాది మధ్యలో పోతే కంపెనీ అప్పటిదాకా పూర్తి ఏడాది జీతం లెక్కేసి టీడీఎస్ (జీతంలోంచి ముందే తీసుకునే టాక్స్) కోసి ఉంటది. కొత్త టాక్స్ విధానంలో 2025-26 నుంచి జీతం 12,75,000 దాకా టాక్స్ లేదు కాబట్టి కొన్ని నెలలే జీతం వస్తే ఆ కోసినదంతా వెనక్కి రావచ్చు, రిటర్న్ వేయడం మర్చిపోకండి.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి, చేసి చూస్తేగానీ తెలియదు. ఈ నెల నుంచే, ఉద్యోగం ఉండగానే, ఒక పని చేయండి. ఆయన జీతం పడిన రోజే ఈఎంఐలు, చీటీ, ఫీజు వాటా పక్కకి పెట్టి మిగిలింది వేరే అకౌంట్‌కి పంపేసి, ఇల్లు మాత్రం మీ 34 వేల మీదే నడపండి. తెనాలి డబ్బు కూడా అందులోంచే. కుదరదు, నాకు తెలుసు, ఇరవయ్యో తారీకుకే అయిపోద్ది. అయిపోయిన రోజు ఇద్దరూ కూర్చుని ఫోన్లో యూపీఐ హిస్టరీ తీసి పైనుంచి కిందకి చదవండి, నలభై రూపాయలు, నూట ఎనభై, మళ్లీ నూట ఎనభై, బ్లింకిట్, స్విగ్గీ, ఎవరు ఏది కొన్నారని అడగొద్దు, పక్కన టిక్కు పెట్టుకుంటూ పోండి. 38 వేలలో 8, 9 వేలు అక్కడే దొరుకుతాయి. పనిమనిషిని మానిపించడంతో మొదలుపెట్టకండి దయచేసి, ఆవిడ జీతం కూడా ఒక ఇంటి జీతమే, పైగా స్కూలు పని, ఇంటి పని, ఈ టెన్షన్ మొత్తం మీ ఒక్కరి మీద పడుద్ది.

టీ ఫ్రాంచైజీ. వద్దు అని నేను చెప్తే మీ వారికి కోపం రావచ్చు. వ్యాపారం తప్పని కాదు, ఆయన చేయలేరనీ కాదు. ఉన్న 8 లక్షల్లో 6 లక్షలు అడ్వాన్సులకీ, ఫర్నిచర్‌కీ పోతే షాపు లాభంలోకి వచ్చేదాకా అద్దె, మాస్టర్ జీతం, పాలు ఎవరు కట్టాలి? ఇంటి లోటు ఎవరు కట్టాలి? ఆ రెండు ప్రశ్నలకి ఫ్రెండ్ దగ్గర జవాబు ఉంటే కాగితం మీద రాసివ్వమనండి. అంతగా ఇష్టమైతే ఒక నెల రోజులు పొద్దున్నే ఆ బ్రాండ్ షాపు ఏదైనా నడుస్తున్న చోటుకి వెళ్లి కౌంటర్ దగ్గర కూర్చోమనండి, రోజుకి ఎన్ని కప్పులు పోతున్నాయో ఆయనే లెక్కపెట్టుకుంటారు. కొత్త ఉద్యోగం దొరికిందాకా పెట్టుబడి మాట మాత్రం లేదు.

పిల్లల్లో పెద్దవాళ్లకి కొంచెం తెలిసే వయసు ఉంటే నాన్న కంపెనీ మారొచ్చు, కొన్నాళ్లు ఖర్చు తగ్గిస్తాం అని మామూలుగా చెప్పేయండి, తలుపు వేసుకుని గుసగుసలాడితే వాళ్లు ఇంకేదో ఊహించుకుంటారు.

అత్తయ్యగారి సంగతి. చెప్పండి. ఉద్యోగం పోయాక ఎవరో బంధువు ద్వారా తెలిస్తే కోడలు దాచిందనే మాట మీ మీదకే వస్తది, మీ వారి మీదకి రాదు. 12 వేలు మొత్తం ఆపాల్సిన పని లేదు, మామయ్యగారి మందులకి, కరెంటుకి ఎంతవుతుందో అడిగి అది ఆగకుండా పంపండి, నా లెక్కలో 8 వేలు పెట్టుకున్నా. ఇంట్లో 9 వేలు, తెనాలిలో 4 వేలు, ఈఎంఐలో 6,900 తగ్గాయంటే నెల లోటు లక్ష లోపుకి వస్తది, చీటీ పాడాక నెలకి 20 వేలు కట్టాల్సి వచ్చినా లక్షకి రెండు వేలు పైన అంతే. చీటీ డబ్బుతో కలిపి 16 లక్షలు ఉంటే ఏడాది పైగానే నడుస్తది, గ్రాట్యుటీ, నోటీసు జీతం కలపకుండానే. ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఈ ఆదివారం తెనాలికి ఫోన్ చేయమనండి, చెయ్యాల్సింది మీ వారు, మీరు కాదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి సోమవారం వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆఖరి మూడు పేస్లిప్‌లు, లోన్ స్టేట్‌మెంట్, ఇద్దరి ఆధార్ తీసుకెళ్లండి, మీరు కో-అప్లికెంట్ అయితే మీ సంతకం కూడా కావాలి కాబట్టి స్కూల్లో ఒక పూట లీవు పెట్టుకోండి.